అడ్రసు పుస్తకంలో అగ్రస్థానం

పెందుర్తిలోని తీరప్రాంత జాలరుల గుర్తింపు ధ్రువీకరణ కార్యాలయం నవంబరు మూడో తేదీ నుంచి కేవలం అక్షరాలతోనే పనిచేస్తున్నదని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. అంతకుముందు దేనితో పనిచేసేదని దయచేసి అడగకండి. నేను ఆ కార్యాలయంలో సూపరింటెండెంటును. ఈ విషయంలో ఏర్పడిన ఉపసంఘానికి సభ్య కార్యదర్శిని కూడా. అందుచేత జరిగినదంతా ఉన్నది ఉన్నట్టుగా, అంటే కార్యాలయానికి అనుకూలంగా, రాయగల అర్హత నాకే ఉంది.

సముద్రం మీద బతికేవాళ్ళ కోసం పెట్టిన కార్యాలయం సముద్రానికి ఇంత దూరంలో ఎందుకున్నదని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. దగ్గరుంటే జాలరులు మాటిమాటికీ వస్తారని పెద్దలు ముందుగానే ఆలోచించారు. చేపల రేవు నుంచి రెండు బస్సులు మారి పెందుర్తి దాకా వచ్చిన మనిషికి నిజంగానే పని ఉండి ఉంటుంది. ఆ విధంగా వడపోత అంతా బస్సుల్లోనే జరిగిపోతుంది, మాకు శ్రమ తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. అక్టోబరులో మా డైరెక్టరు మోహనకృష్ణ గారికి ఒక మెయిలు వచ్చింది. ఉత్తమ అధికారి పురస్కారానికి తమరు ఎంపికయ్యారు, తమరి ఫొటో చూసుకోవడానికి ఇక్కడ నొక్కండి అని అందులో ఉంది. తన ఫొటో కనుక ఆయన నొక్కారు. కనిపించకపోయేసరికి మళ్ళీ నొక్కారు. కార్యాలయంలోని పదకొండు కంప్యూటర్లూ నాలుగు రోజులపాటు మంచం పట్టాయి. ఆ నాలుగు రోజుల్లో పని ఆగిపోయిందని బయటి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఆ విషయం మమ్మల్ని కొంచెం బాధించిన మాట వాస్తవం.

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట బొమ్మలు, రంగులు, నొక్కుళ్ళు లేని మెయిలు ప్రోగ్రాం మాత్రమే వాడాలట. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. మౌసుతో పని లేదు, ఏం చేయాలన్నా కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కాలి. దాన్ని అమర్చడానికి కాంట్రాక్టు మీద ధనశ్రీ అనే అమ్మాయిని తీసుకున్నారు. మెయిలు ఏ సర్వరు నుంచి తేవాలో, ఏ సర్వరు ద్వారా పంపాలో, పంపినవాటి నకళ్ళు ఎక్కడ దాచాలో ఆమె ఒక ఫైల్లో పది పన్నెండు వరుసలు రాసి, మధ్యాహ్నం భోజనాల వేళకి పని అయిపోయింది సార్ అంది. పని అంత త్వరగా అయిపోవడం మా కార్యాలయంలో అదే మొదటిసారి కనుక మాకు అనుమానం వచ్చింది.

అనుమానం నిజమే అయింది. తెర నల్లగా ఉంది. కార్యాలయం నడిమధ్యన పదకొండు నల్లటి పలకలు పెట్టుకుని శుభకార్యాలు ఎలా చేస్తామని డిప్యూటీ డైరెక్టరు సూర్యకాంతమ్మ గారు అడిగారు. ధనశ్రీ మరో రెండు వరుసలు రాసి, అక్షరాలు పసుపు రంగులోనూ చదవని మెయిళ్ళు కుంకుమ రంగులోనూ కనిపించేలా చేసింది. అయినా మనసు ఒప్పక, ఒక కంప్యూటరును జీపులో సింహాచలం కొండ మీదికి తీసుకెళ్ళి పూజ చేయించాము. మిగతా పదీ తీగలతో దానికే కలిసి ఉన్నాయి కనుక వాటికి వేరే పూజ అవసరం లేదని ధనశ్రీ చెప్పింది. సాంకేతిక పరిజ్ఞానం వల్ల ఖర్చు ఎలా తగ్గుతుందో మాకు అప్పుడు అర్థమైంది.

ఆ వారంలోనే గంగరాజు గురించి ఒక ఉత్తరం వచ్చింది. గంగరాజు ఎవరో చెప్పాలి. చేపల రేవు పక్క జాలరిపేట మనిషి. అక్టోబరులో మరో నలుగురితో కలిసి వేటకి వెళితే బోటు ఇంజను పాడై, కొట్టుకుపోయి, అవతలి దేశపు నీళ్ళలో తేలారు. ఆ దేశంవాళ్ళు పట్టుకుని జైల్లో పెట్టారు. అక్కడ ఉన్న మన దౌత్య కార్యాలయపు అధికారి ఒకరు పోస్టులో మాకు రాశారు. ఈ గంగరాజు మీ ఊరివాడేనని నవంబరు ఇరవై అయిదు లోపల మెయిలులో ధ్రువీకరిస్తే, విడిచిపెట్టేవాళ్ళ జాబితాలో పేరు చేరుతుంది, లేకపోతే మళ్ళీ జాబితా ఎప్పుడు తయారవుతుందో చెప్పలేము అని. ఉత్తరం అడుగున ఆయన మెయిలు అడ్రసు స్పష్టంగా అచ్చయి ఉంది. మిగతా నలుగురిదీ శ్రీకాకుళం వైపు, వాళ్ళ పని అక్కడివాళ్ళు చూసుకున్నారు.

గంగరాజు భార్య నూకాలు రేవులో చేపలు కొని గంపలో పెట్టుకుని అమ్ముకునే మనిషి. ఉత్తరం సంగతి తెలిసిన రోజు నుంచి, గంప ఖాళీ కాగానే రెండు బస్సులు మారి వచ్చి మా వరండా బెంచీ మీద కూర్చునేది. మేము ఆలస్యం చేశామని ఎవరైనా అంటే అది అన్యాయం. రేషను కార్డు, ఆధారు, బోటు యజమాని వాంగ్మూలం అన్నీ చూసి, గంగరాజు మావాడేనని డైరెక్టరు గారు పదో తేదీకే సంతకం చేశారు. కాగితాన్ని స్కాను కూడా చేశాము. ఇక మిగిలింది మెయిలు పంపడమే.

పంపడానికి ముందు ఆ ప్రోగ్రాంలోని అడ్రసు పుస్తకం తెరిచాము. అక్కడే కార్యాలయం పునాదులు కదిలాయి.

ఆ పుస్తకం పద్ధతి ఏమిటంటే, ప్రతి మనిషికీ ఒక పొట్టి పేరు పెట్టాలి. ఆ పొట్టి పేరు కొడితే చాలు, పూర్తి అడ్రసు అదే వచ్చి కూర్చుంటుంది. ధనశ్రీ డైరెక్టరు గారికి మూడే మూడు ఇంగ్లీషు అక్షరాలతో, డి, ఐ, ఆర్ అని పెట్టింది. నాకు రెండు అక్షరాలు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నన్ను రెండు అక్షరాలతో పిలిచినవాళ్ళు ఎవరూ లేరు, మా అత్తగారితో సహా. డైరెక్టరు గారు ఆ మూడు అక్షరాలనూ చాలాసేపు చూశారు. తర్వాత అందరినీ హాల్లోకి పిలిచి మాట్లాడారు.

"మిత్రులారా, నేను గోదావరి జిల్లాలో పుట్టాను. మా ఇంట్లో నన్ను ఏరా అని పిలిచే హక్కు మా నాన్నగారికి ఒక్కరికే ఉండేది, అదీ పండగలప్పుడు మాత్రమే. నేను వ్యక్తిగతంగా నిరాడంబరుణ్ణి. నన్ను మూడక్షరాలతో పిలిచినా నాకు బాధ లేదు. కానీ ఈ కుర్చీకి బాధ ఉంది. ఈ కుర్చీ తరఫున నేను బాధపడుతున్నాను."

కుర్చీ బాధ తీర్చడానికి సంక్షిప్త నామ గౌరవ పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు సూర్యకాంతమ్మ గారు. పొట్టి పేరు మనిషి హోదా కంటే పొట్టిగా ఉండరాదని తొలి సమావేశంలోనే తీర్మానించాము. పేరు, హోదా, చివర గారు, ఇవన్నీ ఉండాలన్నాము. అలా డైరెక్టరు గారి పొట్టి పేరు యాభై మూడు అక్షరాలకు చేరింది. ఆయన అసలు అడ్రసు పందొమ్మిది అక్షరాలే. ఇంత పొడవు పేరు తప్పుల్లేకుండా కొట్టడానికి ఒక టైపిస్టు పోస్టు మంజూరు చేయాలని పైకి రాశాము.

ధనశ్రీ అప్పుడే ఒక మాట అంది. "సార్, పుస్తకంలో పేరుండక్కర్లేద్సార్. ఉత్తరం కింద అడ్రసుంది గదా, అది నేరుగా టైపు చేసేస్తే ఎల్లిపోద్ది." పుస్తకంలో చోటు ఇవ్వకుండా ఒక అధికారికి నేరుగా రాయడమంటే చీటీ పంపకుండా ఆయన గదిలోకి తోసుకుపోవడమేనని ఆ అమ్మాయికి ఓపికగా వివరించాము. మళ్ళీ ఎవరికీ అలాంటి ఆలోచన రాకుండా అదే రోజు సర్క్యులరు నంబరు నాలుగు జారీ చేసి, అందరి చేతా చదివినట్టు సంతకాలు తీసుకున్నాము.

రెండో సమావేశానికి ఇంకా పెద్ద ప్రమాదం బయటపడింది. ఆ ప్రోగ్రాం పేర్లన్నిటినీ ఇంగ్లీషు అక్షర క్రమంలో పేరుస్తుందట. అంటే మొట్టమొదట అటెండరు అప్పలకొండ వచ్చి కూర్చున్నాడు. డైరెక్టరు గారు మోహనకృష్ణ కనుక ఎక్కడో మధ్యలో, వాచ్‌మన్‌కీ జీపు డ్రైవరుకీ నడుమ ఉన్నారు. అప్పలకొండ మంచివాడు. ఇది తన తప్పు కాదనీ, సింహాద్రి అప్పన్న పేరు పెట్టింది తన నాయనమ్మేననీ రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చాడు. అయినా రికార్డులో ఒక మందలింపు పడింది.

అక్షరాల కంటే అంకెలు ముందు వస్తాయనీ, అన్నిటికంటే ముందు సున్నా వస్తుందనీ ధనశ్రీ దారి చెప్పింది. డైరెక్టరు గారి పేరు ముందు సున్నా పెట్టే ధైర్యం ఉపసంఘంలో ఎవరికీ లేకపోయింది. ఇంగ్లీషులో మొదటి అక్షరమైన ఎ ని హోదాను బట్టి పేరు ముందు చేర్చాలని చివరకు నిర్ణయించాము. ఎన్ని ఎ లు ఉంటే అంత పైన. డైరెక్టరు గారికి తొమ్మిది, సూర్యకాంతమ్మ గారికి ఎనిమిది, నాకు ఆరు. ఎనిమిదికీ ఆరుకీ మధ్య ఏడు ఖాళీగా ఎందుకుందని యూనియన్ వాళ్ళు అడిగారు. భవిష్యత్తులో వచ్చే సహాయ సంచాలకుడి కోసమని చెప్పాము. ప్రమోషను ఇవ్వలేని ఇద్దరు గుమస్తాలకు తలా ఒక ఎ ఇచ్చి సత్కరించాము. వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, స్వీట్లు పంచారు.

ఇదంతా అయ్యేసరికి ఇరవయ్యో తేదీ. ఇక గంగరాజు మెయిలు వెళ్ళాల్సిన అధికారిని పుస్తకంలో చేర్చాలి. ఆయనకు ఎన్ని ఎ లు? ఆయన మా శాఖ కాదు, మా రాష్ట్రం కాదు, ఆ మాటకొస్తే మా దేశంలోనే లేరు. మా డైరెక్టరు కంటే పెద్దవారైతే తొమ్మిది కంటే తక్కువ ఇవ్వడం అపచారం. చిన్నవారైతే తొమ్మిది ఇవ్వడం మా డైరెక్టరుకు అవమానం. జీతం శ్రేణి తెలిస్తే తేల్చవచ్చు. తెలుసుకోవాలంటే ఆయన్నే అడగాలి. అడగాలంటే మెయిలు పంపాలి. మెయిలు పంపాలంటే పుస్తకంలో చేర్చాలి. సమస్య ఇంత స్పష్టంగా నిర్వచించబడటం మా కార్యాలయ చరిత్రలో లేదని అధ్యక్షురాలు సంతృప్తి వెలిబుచ్చారు. ఆయన జీతం శ్రేణి తెలుపవలసిందిగా పోస్టులో ఉత్తరం రాశాము. జవాబు నెలలోపు రావచ్చు.

నూకాలుకు ఈ సంగతి చెప్పే బాధ్యత నా మీద పడింది. వరండాలోకి వెళ్ళి, మీ ఆయన కాగితం తయారుగానే ఉంది, పంపే విధానం పరిశీలనలో ఉందని చెప్పాను. ఆమె ఖాళీ గంపను పక్కకు జరిపి లేచి నిలబడింది. ఎందుకు ఆలస్యమో వివరంగా అడిగింది. నేను కూడా వివరంగానే చెప్పాను, తొమ్మిది ఎ ల దాకా. అంతా విన్నది.

"ఆ సారు మీ సారు కంటే పెద్దోడో సిన్నోడో తేల్సుకోడానికి ఇన్ని దినాలేటి బాబూ? కాయితం సివర దండాలని రాసీండి. ఎవులికైనా సరిపోద్ది."

ఆమె సూచనను ఉపసంఘం ముందు పెట్టాను. దండాలు అనే పదం వాడుకలో ఉన్నప్పటికీ దానికి హోదా నిర్ధారించే శక్తి లేదని తిరస్కరించారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు డాక్టరుకి చూపించుకుంటే గ్యాసు అన్నాడు, దాంతో స్థిమితపడ్డాను.

ఇరవై అయిదో తేదీ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఉపసంఘం ఆరో సమావేశం జరుగుతోంది. గంగరాజు విషయంలో గడువు దాటబోతున్నందుకు విచారం ప్రకటించే తీర్మానంలో విచారం అనాలా తీవ్ర విచారం అనాలా అని చర్చిస్తున్నాము. కిందనున్న గదిలో ధనశ్రీ ఒక్కతే ఉంది. కొత్త మెయిలుకు ఒక అక్షరం నొక్కింది. ఉత్తరం అడుగున ఉన్న అడ్రసును ఉన్నదున్నట్టు కొట్టింది. గంగరాజు మా విశాఖపట్నం మనిషే, కాగితం జత చేశాము, నమస్కారం అని రాసింది. స్కాను జత చేసి పంపేసింది. మొత్తం ఒక్క నిమిషం పట్టలేదు.

పంపినవాటి నకళ్ళు దాచే ఏర్పాటు ఆమే చేసింది కనుక ఆ నకలే ఆమెను పట్టించింది. మర్నాడే మెమో ఇచ్చాము. అడ్రసు నేరుగా కొట్టడం ఒక నేరం. డైరెక్టరు గారి బిరుదులతో కూడిన ముప్పై ఒక్క వరుసల సంతకం లేకుండా పంపడం రెండోది. మూడోది అన్నిటికంటే తీవ్రమైనది. పదిహేను రోజులుగా పదకొండుమంది చేస్తున్న పనిని ఒక్క నిమిషంలో ముగించి కార్యాలయ సిబ్బంది అవసరంపైనే ప్రజలకు సందేహం కలిగేలా ప్రవర్తించడం. ఆమె సంజాయిషీలో ఒకే వాక్యం రాసింది, ఆ వేళ ఇరవై అయిదో తేదీ అని. అది సంతృప్తికరంగా లేనందున నెలాఖరుతో కాంట్రాక్టు రద్దు చేశాము. ఆ ఫైలు మీద సంతకం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తర్వాత మెయిళ్ళు చదవడానికి ఏ అక్షరం నొక్కాలో మాకెవరికీ తెలియదు. కుంకుమ రంగు వరుసలు రోజూ పెరుగుతూ చూడముచ్చటగా ఉండేవి. డిసెంబరు పద్దెనిమిదిన అప్పలకొండ బల్ల తుడుస్తుండగా గుడ్డ కీబోర్డుకి తగిలి ఒక మెయిలు తెరుచుకుంది. అది ఆ దౌత్య అధికారిది. మూడు రోజుల కిందట వచ్చింది. గంగరాజును విడిచిపెట్టారు, పద్దెనిమిది ఉదయం రైలులో విశాఖపట్నం చేరుతాడు, దయచేసి ఇంటివాళ్ళకు తెలియజేయండి అని ఉంది. కింద ఇంగ్లీషులో రెండే ముక్కలు, మీ సత్వర స్పందనకు కృతజ్ఞతలు అని.

డైరెక్టరు గారు వెంటనే అందరినీ హాల్లోకి పిలిచారు.

"మిత్రులారా, సత్వర స్పందన అన్న మాటను గమనించండి. ఎక్కడో పరాయి దేశంలో కూర్చున్నవారు మన వేగాన్ని గుర్తించారు. అడ్రసు పుస్తకాన్ని మనం క్రమబద్ధం చేయకపోయి ఉంటే ఈనాడు ఒక బడుగు కుటుంబంలో దీపం వెలిగేదా?"

చప్పట్లు కొట్టాము. టీలు తెప్పించాము. అప్పుడు ఎవరో గుర్తు చేశారు, ఇంటివాళ్ళకు చెప్పాలి కదా అని. నూకాలు అర్జీ తీశాము. ఫోను నంబరు దగ్గర మా గుమస్తా స్వదస్తూరితో తెలిసినదే అని రాసి ఉంది. నిజమే, తెలిసినదే. మా పదకొండుమందిలో తొమ్మిదిమంది చేపలు నూకాలు దగ్గరే కొంటాము. అందరం ఫోన్లు తీసి నూకాలు కోసం వెతికాము. ఎవరి ఫోనులోనూ నూకాలు లేదు. ధనశ్రీ దగ్గర ఉండొచ్చని, ఆ అమ్మాయికి చేద్దామనుకున్నాము. నా ఫోనులో కంప్యూటరు అమ్మాయి అని నలుగురున్నారు. మొదటి ఇద్దరూ తిట్టి పెట్టేశారు. మూడో ఆమె పెళ్ళి చేసుకుని గాజువాకలో టైలరింగు షాపు పెట్టుకుందట. నాలుగో నంబరు మోగింది కానీ ఎత్తలేదు.

సాయంత్రం నాలుగింటికి ఖాళీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన అప్పలకొండ, ఏం వెతుకుతున్నారని అడిగి, విని, నెమ్మదిగా అన్నాడు. "సేపలావిడేనా బాబూ? పొద్దుట్నించి కింద బెంచీ మీదే కూకుంది గదా. సీటీ కూడా రాయించి ఇచ్చింది." చీటీ నా ట్రేలోనే ఉంది. మీద టీ గ్లాసు పెట్టి ఉంది.

దిగి వెళ్ళాను. నూకాలు ఈరోజు గంప తేలేదు, ఉతికిన చీర కట్టుకుంది. నేను మాట వెతుక్కునేలోపే ఆమె చెప్పింది.

"మా ఆయన పొద్దుట బండికి వొచ్చీసేడు బాబూ. నానెల్లలేదు, నాకు తెల్దు. ఒక్కడే ఆటో ఎక్కి ఇంటికొచ్చి తలుపు కొట్టేడు. బాగా సిక్కిపోనాడు. మీకు సెప్పాల గదా అని ఒచ్చేను, మల్లీ మీరు ఆయన కోసం ఎతుకుతారేమోనని." ఆమె నా వెనక్కి, మెట్ల వైపు చూసింది. "ఆ పాప ఏదీ? దనస్రీ. కాయితం పంపింది తనేనని అప్పుడే మీ అప్పలకొండ సెప్పేడు. ఒక మాట సెప్పి పోతాను."

ధనశ్రీ సెలవులో ఉందని చెప్పాను. ఇది అబద్ధం. ఇంత పొడవు నివేదికలో నేను చెప్పిన అబద్ధం ఇదొక్కటేనని మనవి. చెబుతుంటే ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. కబురు అందని పొరపాటు మళ్ళీ జరగకుండా నూకాలు నంబరును సరైన పేరుతో రాసుకుంటానని మాటిచ్చి ఫోను తీశాను. ఆమె ఒక్కొక్క అంకె చెప్పింది, నేను కొట్టాను. పదో అంకె పడగానే ఆ నంబరు నా దగ్గర ఇదివరకే ఉందని ఫోను చూపించింది. తొమ్మిదేళ్ళుగా ఉంది. పేరు, చేపలు.

ఆమెకు చదువు రాదు. ఆ విషయం తలుచుకుని ఒక క్షణం నాకు ప్రాణం లేచివచ్చింది. దానికి సిగ్గుపడటానికి మరికొంత సమయం పట్టింది.

పేరు మార్చాలా అని ఫోను ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ఇది గౌరవస్థానాలకు సంబంధించిన ప్రశ్న కనుక నేనొక్కణ్ణే తేల్చడం పద్ధతి కాదని ఉపసంఘానికి నివేదించాను. సమావేశం వచ్చే నెల పదిన. ఈలోగా, ఇంతసేపూ మా మీద నవ్వుకున్న పాఠకులు ఒక చిన్న సహాయం చేయాలి. మీ ఫోను తీయండి. అందులో పాలు, గ్యాసు, ప్లంబరు, ఇస్త్రీ, పనిమనిషి పాత, పనిమనిషి కొత్త అని ఉన్నవాళ్ళ అసలు పేర్లు ఒక కాగితం మీద రాసి మా కార్యాలయానికి పంపండి. తెల్ల కాగితాలు మాత్రం పంపకండి, అవి మా దగ్గర చాలా ఉన్నాయి.